గడి కొంగా, అడవి కొంగా

మా బాపు నోట్లో నువ్వుగింజ నానేది కాదు. ఊళ్లో ఏ సంగతైనా ముందు ఆయన చెవిన పడేది, ఆ వెంటనే ఆయన పుణ్యమా అని ఊరందరి చెవినా పడేది. అందుకే ఆ చలికాలం పొద్దున ఆయన చెరువు దిక్కు నుంచి ఉరుకులాంటి నడకతో వస్తుంటే, ఏదో వార్త మోసుకొస్తున్నాడని అనుకున్నాను. నేను పాఠాలు చెప్పే బడికి పోవడానికి జడ వేసుకుంటున్నాను. మా అవ్వ, అంటే అమ్మ, పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు చేస్తోంది.

“తెల్లది వచ్చింది” అన్నాడు బాపు గుమ్మంలోనే నిలబడి. “మన తెల్లది. చెర్ల నిలవడ్డది.”

అవ్వ తల కూడా ఎత్తలేదు. “పొద్దుగాల్నే కల్లు తాగొచ్చినవా” అంది.

తాగలేదు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. అంత సంతోషం ఆయన ముఖంలో నేను పరీక్ష పాసైన రోజు కూడా చూడలేదు. నాకు కాస్త ఉక్రోషం కూడా వచ్చింది.

తెల్లది ఎవరో చెప్పాలి. మా ఊరు కరీంనగర్ జిల్లాలో గోదావరికి ఈవలి ఒడ్డు. నది దాటితే ఆదిలాబాద్ జిల్లా, బెల్లంపల్లి బొగ్గు బావులు. ఊరి నడుమ దొర గడి, కోట లాంటి ఇల్లు. నా చిన్నతనంలో బాపు ఆ గడిలో వెట్టి చేసేవాడు. కూలి ఉండదు, కాదనడానికి ఉండదు. దొర పెంచే పక్షులను చూసుకోవడం ఆయన పని. నెమళ్లు, పావురాలు, వాటితోపాటు ఒక కొంగ. పొలాల్లో తిరిగే కొంగ లాంటిది కాదది. మనిషి రొమ్ము ఎత్తు ఉండేది. ఒళ్లంతా తెలుపు, ముఖం మాత్రం ఎర్రమన్ను పూసినట్టు ఎరుపు. చాందా దిక్కు నుంచి పిట్టలు పట్టేవాళ్లు తెచ్చి దొరకు ఇచ్చారట. దొర దాని కాలికి వెండి కడియం తొడిగించి, చుట్టాలు వచ్చినప్పుడు ముందు వాకిట్లోకి తోలించి చూపించేవాడు. మిగతా రోజుల్లో అది గడి వెనక దొడ్లో ఉండేది. బాపు చేతిలో జొన్నలు తినేది. పేరు పెట్టే తీరిక ఎవరికీ లేదు కనుక తెల్లది అనేవాళ్లు.

ఏటా వానలు వెనకపట్టగానే దాని ఒక రెక్క ఈకలు కత్తిరించాలి. ఒక్క రెక్కకు కత్తిరిస్తే చాలు, ఎగరబోతే పక్కకు ఒరిగి పడుతుంది. ఆ కత్తెర పని కూడా బాపుదే. పక్షికి ఏడాదికోసారి పాత ఈకలు రాలి కొత్తవి వస్తాయి కనుక, వచ్చే ఏడు మళ్లీ కత్తిరించాలి.

పోలీస్ యాక్షన్ నాటికే దొర కుటుంబం భయపడి పట్నం, అంటే హైదరాబాద్, చేరింది. గడిలో దివాన్జీ మిగిలాడు, అంటే దొర వ్యవహారాలు చూసే మనిషి. ధాన్యపు గది తాళం ఆయన మొలలో ఉండేది. పక్షులకు జొన్నలు అడిగితే మనుషులకే లేవు పొమ్మన్నాడు. నెమళ్లు ఎటో పోయాయి, పావురాలు ఎవరి ఇంటి కూరలోకో పోయాయి. బాపు ఒకరోజు కొంగ కాలి కడియం ఊడదీసి, రేపు దొంగ అనిపించుకోవద్దని దివాన్జీ చేతిలోనే పెట్టి, కొంగను చంకన పట్టుకుని పోయి చెరువు గట్టున వదిలి వచ్చాడు. అప్పటికి దాని ఈకలు కత్తిరించి ఎంతో కాలం కాలేదు. కొన్నాళ్లు గట్టున కనబడింది, తరువాత కనబడలేదు.

“నక్కలకు విందు జేసినవ్ గదరా” అన్నాడట దివాన్జీ.

ఆ మాట బాపు మనసులో ముల్లులా దిగి ఉండిపోయింది. ఎగరలేనిదాన్ని, తన చేతిలో జొన్నలు తప్ప వేరే తిండి ఎరగనిదాన్ని నీళ్లలో వదిలి చంపుకున్నానని ఆయన బాధ. వచ్చే వానాకాలం దాకా ఎట్లాగో బతికి ఉంటే కొత్త ఈకలు వచ్చి ఎగిరిపోయేదే. బతికిందా, లేదా? ఇన్నేళ్లుగా ఆయన తేల్చుకోవాలనుకున్నది అదొక్కటే. ఆకాశంలో ఏ కొంగల బారు పోయినా పని ఆపి తలెత్తి చూసేవాడు. “నన్ను పెండ్లి జేసుకున్నవా, ఆ కొంగను జేసుకున్నవా” అని అవ్వ ఎన్నిసార్లు అందో లెక్కలేదు.

నేను కరీంనగర్ హాస్టల్లో ఉండి చదువుకుని, టీచర్ ట్రైనింగ్ ముగించి, మా ఊరి మిడిల్ స్కూల్లోనే సైన్సు చెప్పడానికి చేరిన కొత్త అది. వెట్టిచేసిన మనిషి బిడ్డ కుర్చీలో కూర్చుందని చూడటానికి కొందరు బడి కిటికీ దాకా వచ్చేవాళ్లు. నా నోరు కొంచెం దురుసు. ఆధారం లేకుండా ఎవరు ఏం చెప్పినా ఊరుకునేదాన్ని కాదు. ఆ గుణం ట్రైనింగ్‌లో అబ్బిందో, అవ్వ నుంచి వచ్చిందో తెలియదు.

సాయంత్రం బడి అలమరాలోంచి దుర్భిణి తీసుకుని బాపు వెంట చెరువుకు పోయాను. నిజంగానే ఉంది. తుంగ దట్టంగా పెరిగిన పల్లపు నీళ్లలో మోకాలి లోతున నిలబడి ఉంది. ట్రైనింగ్‌లో ఒక పుస్తకంలో దాని బొమ్మ చూశాను. ఎక్కడో మంచు దేశాల్లో గుడ్లు పెట్టి, చలికాలానికి ఉత్తరాది చెరువులకు దిగే కొంగ అది. మా దిక్కుకు రావడం వింత. బొంబాయిలో ఇలాంటి సంగతులు అచ్చువేసే పెద్దలున్నారని, వింత పక్షి కనబడిందని రాస్తే వాళ్లు మొట్టమొదట అడిగేది ఒకటే అని మా సార్ చెప్పేవాడు. అది తనంతట తాను వచ్చిందా, ఎవరి పంజరం నుంచో తప్పించుకున్నదా? తప్పించుకున్నదైతే వాళ్ల లెక్కలోకి రాదు.

దుర్భిణిలో కాళ్లు చూశాను. కడియం ఒరుసుకున్న మచ్చ ఏదీ లేదు. ఈకలు ఎక్కడా చిట్లలేదు, పంజరం కమ్మీలకు రాసుకున్న పక్షికి తోక కొనలు అరిగి ఉంటాయి. మేము గట్టు దిగి రెండడుగులు వేయగానే అది నాలుగడుగులు లోపలికి జరిగింది. మనిషి చేతి తిండి తిన్న పక్షి అట్లా జరగదు.

“అడివిదే బాపు” అన్నాను.

“కడెం వదులుగుండె, మచ్చెట్ల వడ్తది? ఇన్నేండ్లాయె, మనుషులంటే బుగులువట్టుండదా? నువ్వొచ్చినవని జరిగింది, నాకోసమైతే జరగకపోవు.”

తా పట్టిన కుందేటికి మూడే కాళ్లు అన్నట్టుంది ఆయన వరస. నేను ఒకటంటే ఆయన రెండు. ఇద్దరం వాదించుకుంటూనే ఇల్లు చేరాం. నిజం చెప్పాలంటే ఆ వాదన నాకు బాగుంది. ఆయన అంత ఉత్సాహంగా మాట్లాడి చాలా కాలమైంది.

మర్నాడు దివాన్జీ మా ఇంటి ముందుకు వచ్చాడు. ముసలివాడయ్యాడు కానీ చేతికర్ర ఊపు తగ్గలేదు. గడి కూలినా ఆయన నోట్లో గడి కూలలేదు.

“ఏమ్రా, గడి కొంగ దొరికిందట గద. ఊరంత నువ్వే చెప్పుకుంట తిరుగుతున్నవట” అన్నాడు. “మంచి పని జేసినవ్. చిన్నదొరకు కబురు పంపిన. పట్నంల కొత్తగ జంతువుల తోట కడ్తున్నరట, గడి తరఫున కానుకిస్తడట. వలలోళ్లను పిలిపిస్తున్న.”

నాకు ఆ ‘ఏమ్రా’ దగ్గరే ఒళ్లు మండింది.

“గడిదని రుజువేంది?” అన్నాను. “చెరువు సర్కారుది. సర్కారోళ్లు వచ్చి చెప్పినంక వల వేద్దురు.”

ఆయన నన్ను కాక బాపును చూస్తూ నవ్వాడు. “రుజువు మీ బాపే గద. గిర్దావర్ సాబును నేనే తోల్కొస్త. ఆయన ముంగటనే చెప్పిస్త.”

ఆయన పోయాక బాపు అరుగు మీద కూలబడ్డాడు. అప్పుడు గాని ఆయనకు సంగతి పూర్తిగా ఎక్కలేదు. అది తెల్లదే అయితే ఇన్నేళ్ల ముల్లు బయటికి వస్తుంది, కానీ దాన్ని మళ్లీ బందీ చేస్తారు. తెల్లది కాకపోతే అది బతికిపోతుంది, కానీ ఈయన కొంగ చచ్చినట్టే మిగులుతుంది.

“ఊరంత చాటింపేసినవ్ బాపు” అన్నాను కోపం పట్టలేక. అవ్వ ఏమీ అనకుండా చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన పక్కన పెట్టింది. అవ్వ ఏమీ అనలేదంటే పరిస్థితి ఎట్లా ఉందో చెప్పనక్కర లేదు.

గిర్దావర్, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, వచ్చే రోజు పొద్దున బాపు నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు. “అడివిదని చెప్తవా బిడ్డా?”

“నేను చూసింది చెప్తా బాపు.”

“నువ్వు చూసింది ఏమని చెప్తున్నది?”

“అడివిదనే.”

తల ఊపి తువ్వాల భుజాన వేసుకున్నాడు. చావు కబురు విన్నట్టే ఉంది ఆయన వాలకం.

గిర్దావర్ సాబు మంచి మనిషి, తొందర లేని మనిషి. సైకిలు గట్టు మీద నిలబెట్టి, రూమాలుతో టోపీ కింద చెమట తుడుచుకుని చెరువులోకి చూశాడు. “మాషా అల్లా” అన్నాడు. ఊరు సగం గట్టు మీదే ఉంది. బొగ్గు బావుల నుంచి సెలవుకు వచ్చినవాళ్లు సైతం తలా ఒక తీర్పు చెబుతున్నారు.

“ఇది ఏడికెల్లి వచ్చిందో తెల్వదు, ముల్కీ సర్టిఫికెట్ ఎవరియ్యాలె దీనికి?” అన్నాడు గిర్దావర్. నౌకరీల కోసం, ఈ ప్రాంతం వాళ్లమేనని చూపే ఆ కాగితం చుట్టూ తిరిగి వేసారినవాళ్లు పెద్దగా నవ్వారు. తరువాత ఆయన దివాన్జీ వైపు తిరిగాడు. “చూడండి దివాన్జీ, గడిదైతే తీస్కపొండ్రి. అడివిదైతే జోలికి పోవద్దు. గంతే.”

దివాన్జీ ఇందుకు తయారై వచ్చాడు. జొన్నలు నింపిన కంచు గిన్నె ఒకటి మనిషితో తెప్పించాడు. “గడి కొంగకు ఈని చెయ్యి తెలుసు, ఈని పిలుపు తెలుసు” అన్నాడు బాపును కర్రతో చూపిస్తూ. “పిలువమనుండ్రి. గడిల తిన్నది ఏదైనా గడిని మరువది. ఏమ్రా, నువ్వు గూడ తిన్నోనివే గద.”

నేను ఏదో అనబోయాను. బాపు నా చెయ్యి పట్టి ఆపాడు. గిన్నె తీసుకుని నీళ్లలోకి దిగాడు. ధోవతి తడిసిపోతున్నా ఎగగట్టుకోలేదు. తుంగ అంచుకు చేరి గిన్నె అంచు మీద వేళ్లతో కొట్టాడు, గడి దొడ్లో కొట్టినట్టే. “ఆ... ఆ... ఆ...” అని పిలిచాడు. ఆ పిలుపు నేను చిన్నప్పుడు విన్నదే. అప్పుడెంత ముద్దుగా పిలిచేవాడో ఇప్పుడూ అంతే ముద్దుగా పిలిచాడు. కావాలని గొంతు మార్చి పిలుస్తాడేమో అనుకున్నాను, మార్చలేదు. ఇన్నేళ్లు ఏది రావాలని కోరుకున్నాడో, అది ఇప్పుడు తన గిన్నె దగ్గరికి రాకూడదని మొక్కుకుంటూ పిలవాల్సి వచ్చింది.

కొంగ తలెత్తింది. బాపు వైపు చూసింది. బాపు జొన్నలు గుప్పెడు తీసి చెయ్యి చాచాడు.

“సూసింది, సూసింది” అన్నాడు దివాన్జీ.

“సప్పుడైతే బర్రె గూడ సూస్తది, జర ఆగుండ్రి” అన్నాడు గిర్దావర్.

కొంగ మెడ దించి ముక్కును నీళ్లలోకి పొడిచింది. కళ్ల దాకా ముంచి, బురద పెళ్లగించి, తుంగ గడ్డ ఒకటి పైకి లాగి, నీళ్లలో జాడించి మింగింది. మళ్లీ ముంచింది. జొన్నల వంక చూడలేదు. బాపు చాలాసేపు చెయ్యి చాచి అట్లాగే నిలబడ్డాడు.

అప్పుడు నేను గిర్దావర్‌కు దుర్భిణి ఇచ్చి చెప్పాను. కాళ్ల మీద మచ్చ లేదని, ఈకలు అరగలేదని. “అన్నిటికంటె ముఖ్యం అది తినే తీరు సార్. బురదల గడ్డ యాడున్నదో ఎరిగి తవ్వుకుంటున్నది. దొడ్ల జొన్నలు తిని పెరిగినదైతే ఈ తవ్వుడు యాడ నేర్చింది?”

“పోయినంక నేర్చుకుంది” అన్నాడు దివాన్జీ.

“నక్కలు తిన్నయన్నరు గద మీరు. తిన్నంక నేర్చుకున్నదా?” అన్నాను. గట్టు మీద నవ్వులు లేచాయి. దివాన్జీ కర్ర నేలకు తాటించాడు.

గిర్దావర్ బాపును పిలిచాడు. నీళ్లు కారుతున్న ధోవతితో బాపు వచ్చి నిలబడ్డాడు. “సాకినోనివి నువ్వు. గడి కొంగ గూడ గిట్లనే తవ్వేదా?”

బాపు ఒకసారి చెరువు వైపు చూశాడు, ఒకసారి నా వైపు చూశాడు. ఆయన ముఖంలో ఏదో కదిలింది, అదేమిటో నాకు అప్పుడు అంతు పట్టలేదు.

“దానికి జొన్నలు వెట్టింది నేనే సాబ్” అన్నాడు. “నా చేతులకెల్లి తినేది. ఇది నా చేతికి రాలే. మీరే సూసిండ్రు.”

దాని తిండి సంగతి దివాన్జీ ఎరగడు. గడి వెనక దొడ్లోకి ఆయన ఎన్నడూ అడుగు పెట్టినవాడు కాదు. గిర్దావర్ సైకిలు స్టాండు తీస్తూ, “అడివిదే. వల గిల అన్నరంటె నేనొప్పుకోను” అన్నాడు. పోతూ పోతూ నాతో, “టీచరమ్మా, మా పోరికి గూడ సైన్సు జెప్పాలె మీరు” అన్నాడు. నేను గెలిచిన పొగరుతో ఇంటికి నడిచాను. బాపు తల వంచుకుని వెనక నడిచాడు.

ఆయన తల వంచుకోవడానికి కారణం నాకు తెలుసుననుకున్నాను. తెల్లది మళ్లీ చచ్చిపోయింది, ఈసారి నా చేతుల్లో. పొడి ధోవతి కట్టుకుని కంచం ముందు కూర్చున్నాడు. ఏం చెప్పి ఓదార్చాలో తోచక నేనూ పక్కన కూర్చున్నాను. ఉన్నట్టుండి ఆయన భుజాలు కదలసాగాయి. ఏడుస్తున్నాడనుకున్నాం. నవ్వుతున్నాడు.

“నీ తెలివి సల్లగుండ, బిడ్డా” అన్నాడు. “తవ్వుడు తవ్వుడని నువ్వు జెప్తుంటె నా పానం జల్లుమన్నది. తెల్లది గూడ తవ్వేది.”

అవ్వ చేతిలో గరిటె ఆగింది.

“గడి ఎనక బాయి నీళ్లు పారే కాడ తుంగ మొలిశేది. అండ్ల ముక్కు వెట్టి అంత గుంతలు గుంతలు జేసేది. దొర కాలు మడతవడ్తదని నాకు దెబ్బలు. దాన్ని తిట్టుకుంట రోజు పొద్దుమూకి గుంతలు పూడ్సేటోన్ని. మల్ల తెల్లారె వరకు తవ్వేది. గదంత మర్సిపోయిన సూడు. నా జొన్నల మీదనే బతికిందనుకున్న. దివాన్జీ జొన్నలు బందు వెట్టిన్నాడు గూడ అది బక్కవడలే. ఎందుకు బక్కవడలేదో నా బుర్రకు తట్టలే.” ఆయన చెరువు దిక్కుకు చెయ్యి చూపాడు. “అంత తుంగున్న చెర్ల ఎందుకు సస్తది బిడ్డా? సావది. వానలదాకా ఉండి పోయుంటది.”

నాకు ముందు కోపమే వచ్చింది. ఊరి ముందు నేను నిలబెట్టిన అతి పెద్ద ఆధారాన్ని ఈయన కంచం ముందు కూర్చుని కూలగొట్టాడు. పంజరం కొంగ కూడా తవ్వుతుందంటే ఇక నా దగ్గర మిగిలిందేమిటి? ఏటా కొత్తవి వచ్చే ఈకలు ఎట్లాగూ రుజువు కావు. మచ్చ లేని కాలు. మనిషిని చూసి జరగడం. వీటికి ఆయన గట్టు మీద చెప్పిన జవాబులే సరిపోతాయి. బొంబాయి పెద్దలకు అడవిదని గుండె మీద చెయ్యి వేసుకుని ఇక రాయలేను. అది తెల్లదే కావచ్చు, కాకపోవచ్చు.

“మల్ల సాబు ముంగట చెప్పకపోతివి” అన్నాను.

“అడిగింది తవ్వేదా అని. నేను జెప్పింది జొన్నల ముచ్చట. అబద్దమేమాడిన?” అన్నాడు రొట్టె తుంచుతూ. మూడు రొట్టెలు తిన్నాడు ఆ పూట. అవ్వ మూడోది వేస్తూ, “ఇన్నేండ్లు నక్కల పేరు జెప్పి నా వంట సగం మిగిలిచ్చినవ్ గదయ్యా” అంది. అంటూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నా కోపం అక్కడితో పోయింది. శాస్త్రం ఓడిపోయినందుకు నేను సంతోషించిన రోజు అదొక్కటే.

ఆ చలికాలమంతా కొంగ చెరువులోనే ఉంది. బాపు రోజూ పొద్దున గట్టు దాకా పోయి దూరం నుంచే చూసి వచ్చేవాడు. గిన్నె తీసుకుపోలేదు, పిలవలేదు. ఎండలు ముదురుతున్న ఒక ఆదివారం నేనూ వెంట ఉన్నాను. అది నీళ్లలో కొంత దూరం పరుగెత్తి లేచింది. రెక్కలు విప్పగానే వాటి కొనలు నల్లగా కనబడ్డాయి. మూసి ఉన్నప్పుడు ఆ నలుపు కనబడదు. రెండు రెక్కలూ సమానంగా ఊపుతూ చెరువు మీద ఒక చుట్టు తిరిగి గోదావరి దిక్కుగా సాగిపోయింది. చుక్కంత అయ్యేదాకా చూశాం.

“ఇంతకు ఏమంటవ్ బిడ్డా, అడివిదా, గడిదా?” అన్నాడు బాపు, కళ్లు ఇంకా పైనే ఉంచి.

“తెల్వది బాపు. ఇగ ఎవ్వలు చెప్పలేరు.”

ఆయన తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

“గడిదైతే గాదు” అన్నాడు. “గడిల ఉన్ననాడు గూడ గాదు.”